తోడు గిన్నె ఖాళీ అవుతోంది

పెరుగు ప్యాకెట్ కొనుక్కోవడం ఓపిక లేనివాళ్ల పని అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఓపిక సంగతి నాకెందుకు? నా దిగులు తోడు గిన్నె గురించి. ఆ గిన్నెలో ఏముందో తెలిస్తే పాల శాఖ మంత్రులకైనా కాస్త నిద్ర పట్టకూడదు.

పాలలో మాంసకృత్తులకు కొదవ లేదు గానీ, పెరుగు బ్యాక్టీరియా నోటికి అవి నేరుగా అందవు. ఆవు పాల మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీన్. మాంసకృత్తులను కట్టే ఇటుకలైన అమైనో ఆమ్లాలు విడిగా ఉన్నా, అవి అడుగూబొడుగూ మాత్రమే. వాటితో బ్యాక్టీరియా కొంత పెరిగి ఆగిపోతుంది. పాలు గట్టిగా తోడుకోవాలంటే ఎవరో ఒకరు కేసీన్‌ను తరగాలి. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాల్లో ఒకటైన లాక్టోకాకస్ లాక్టిస్ అందుకోసం తన కణం గోడ మీదే ప్రొటీయేజ్ అనే కత్తిపీట పెట్టుకుంటుంది. తరిగిన ముక్కలను లోపలికి లాక్కుని అమైనో ఆమ్లాలుగా విడగొట్టుకుంటుంది.

తమాషా ఏమిటంటే, ఈ కత్తిపీట జన్యువు చాలా రకాల్లో ప్లాస్మిడ్ మీద, అంటే కణంలో అసలు క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది. ప్లాస్మిడ్ జారిపోయే సొత్తు. దాన్ని పోగొట్టుకున్న కణాలు పక్కవాడు తరిగింది తిని బతికేస్తాయి. తరిగే ఖర్చు లేదు కనుక కిక్కిరిసిన పాలలో వాటిదే పైచేయి. అవి మితిమీరితే పాలు తోడుకోవడం మందగిస్తుంది. (పన్ను ఎగవేసేవాళ్ల మీద ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు.)

యోగర్ట్‌ను కలిసి తయారుచేసే రెండు బ్యాక్టీరియాల జంటదీ ఇదే కాపురం. లాక్టోబాసిల్లస్ బల్గారికస్ కేసీన్ తరిగి పెడితే, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ బదులుగా ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ అందిస్తుంది. 2006లో బల్గారికస్ జన్యుక్రమం చదివి చూస్తే, అమైనో ఆమ్లాలు సొంతంగా వండుకునే జన్యువులు చాలావరకు పోయాయి. 2012లో ప్రచురించిన ఒక డచ్ ప్రయోగం మరీ ముచ్చటైనది. పెసర మొలకల నుంచి తీసిన లాక్టోకాకస్‌ను పాలలో 1000 తరాలు పెంచారు. అది పాలకు అలవాటు పడింది, పెప్టైడ్లు, అంటే తరిగిన మాంసకృత్తుల ముక్కలు, లాక్కోవడంలో ఆరితేరింది, కొన్ని అమైనో ఆమ్లాల తయారీ మాత్రం మరిచిపోయింది. తోడు అయిపోయినప్పుడు గోరువెచ్చని పాలలో మిరపకాయ తొడిమలు వేసే అమ్మమ్మలకు మొక్కకూ పాలకూ ఉన్న ఈ చుట్టరికం కొత్తేమీ కాదు.

ఇన్ని పోగొట్టుకున్న జీవి ఒంటరిగా దేనికి పనికొస్తుంది? దాని బతుకంతా పొరుగువాళ్ల చేతుల్లో ఉంది. మనవాళ్లు దీన్ని ‘తోడు’ అన్నారు, ఊరికే అనలేదు. అందుకే ఒక్కో రకాన్ని ఏరి సీసాలో పెట్టినంత మాత్రాన పెరుగును దాచినట్టు కాదంటాను. కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ దగ్గర కల్చర్ల (పెంచి దాచిన తోడు బ్యాక్టీరియాల) భాండాగారం ఉంది, మిశ్రమ కల్చర్లూ ఉన్నాయి. కానీ ఇంటింటా వేరువేరుగా ముదిరిన గుంపులు లెక్కలేనన్ని.

డెయిరీల వాదన నాకు తెలుసు. వేల లీటర్ల పాలు ఒకే రుచితో, ఒకే సమయానికి తోడుకోవాలి. ఇంటి తోడు ఒకరోజు పులుస్తుంది, ఒకరోజు జిగటగా సాగుతుంది. ఫ్యాక్టరీకి పొడి కల్చర్ కావలసిందే, కాదనను. ఫ్యాక్టరీ అవసరం వంటింటి చట్టం ఎందుకయ్యిందన్నదే నా ప్రశ్న.

విత్తనం విషయంలో ఈ సినిమా చూసేశాం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ హైబ్రిడ్ గింజ దాచుకుంటే మరుసటి ఏడు అదే పంట రాదు కనుక రైతు ఏటా ప్యాకెట్ కొన్నాడు. ఇంట్లో విత్తనం కట్టుకునే చెయ్యి ఆ అలవాటు తప్పింది. ఆ గాదె ఖాళీ అయినప్పుడు ఎవరూ కంగారు పడలేదు, కొట్లో సరుకు ఉంది కదా అనుకున్నాం.

తిరుపతిలో, కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాలలు ఉన్నాయి. విద్యార్థులను ఊళ్లకు పంపి, తోడు గిన్నెలోంచి చెంచాడు అడిగి తెచ్చి, విడదీయకుండా గుంపును గుంపుగానే గడ్డకట్టించి దాచమనండి. పెద్ద ఖర్చు కాదు. ఆలస్యం మాత్రం పనికిరాదు. మా అపార్ట్‌మెంట్‌లో 24 ఫ్లాట్లుంటే రాత్రి పాలు తోడుపెట్టేవి ఐదు. వాటిలో రెండిళ్లవాళ్లు తోడుకు ప్యాకెట్ పెరుగే తెచ్చుకుంటున్నారు.