వెనక్కి తిరిగితే లూప్ పరువేం కావాలి?

చలికాలంలో ఎత్తైన కనుమల మీదుగా, కాళ్లకు స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి తొడుగులు) బిగించుకుని, ఒక దారిన వెళ్లి మరో దారిన చుట్టు తిరిగి వచ్చే ‘లూప్’ అనే ఘనకార్యానికి పట్టిన చీడ ఒక్కటే. సగం దూరం వచ్చాక ఆగి, ఎదుటి వాలునీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, ‘ఇక చాలు, వెనక్కి పోదాం’ అనే మనిషి. ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. అందరూ నెమ్మదస్తుడనుకుంటారు. లూప్ అనే మహత్తర వ్యవస్థను కూలగొట్టేది ఆయనే.

అసలు వచ్చిన దారినే తిరిగి పోవడంలో గొప్పేముంది? పొద్దున మనం తొక్కిన మంచు గట్టిపడి ఉంటుంది, నడక సులువు. అడుగులు కనిపిస్తూ ఉంటాయి, దారి తప్పం. ఏ వాలు ఎలా ఉందో ఒకసారి చూసే ఉన్నాం. ఇన్ని అవలక్షణాలున్న ప్రయాణానికి ఆత్మాభిమానం ఉన్నవాడెవడైనా ఒప్పుకుంటాడా? లూప్‌లో అయితే ప్రతి మలుపూ కొత్తదే, ప్రతి ప్రమాదమూ తాజాదే. బయల్దేరిన చోటికే చేరడానికి రోజంతా తిరగడం గానుగెద్దు పని కాదా అంటారు కొందరు. గానుగెద్దుకి జీపీఎస్ ట్రాక్ ఉండదని వాళ్లకి తెలియదు.

ఈ నెమ్మదస్తుల మొదటి ఆయుధం మంచు చరియల హెచ్చరిక. అందులో ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతారు. యూరప్‌లోని హెచ్చరిక సంస్థలు 1993లో ఒకే కొలమానానికి ఒప్పుకున్నాయి. ఆ రోజు 3 అని ఉందనుకోండి. 5కి 3 అంటే 60 శాతం, అంటే ఫస్ట్ క్లాస్. పాసైనవాణ్ని ఇంట్లో కూర్చోమనడం ఏం న్యాయం? అంకె ఒక్కటి పెరిగితే ప్రమాదం ఒక్క మెట్టు కాదు, రెట్లలో పెరుగుతుందనీ, చాలా మరణాలు ఈ 3 దగ్గరే నమోదవుతాయనీ నిపుణులు చెబుతూనే ఉంటారు. పాపం, 4, 5 ఉన్న రోజు ఎవరూ కొండెక్కరు కదా, ఆ లెక్కంతా తెచ్చి 3 నెత్తిన రుద్దారని మనవాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంటుంది. వాలు మీద కాలు పెట్టేది మాత్రం ఆ 3 ఉన్న రోజే.

రెండో ఆయుధం వాలు కోణం. చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. దీనికి మన బృందాల దగ్గర తిరుగులేని సమాధానం ఉంది: ‘మేం స్కీ చేయడం లేదు, నడుస్తున్నాం.’ మంచు పొరలు కాళ్లకేం తొడుక్కున్నారో చూసి జాలిపడతాయని వీరి గట్టి నమ్మకం. చరియల్లో చిక్కుకున్నవాళ్ల విషయంలో పదింట తొమ్మిదిసార్లు ఆ చరియను కదిలించింది వాళ్లే, కాకపోతే వాళ్లతో వచ్చినవాళ్లే. అంటే ఇందులో కొండ పాత్ర నామమాత్రం. స్వయంకృషికి ఇంతకంటే నిదర్శనం దొరకదు.

అసలు సంగతి మొదటి కనుమ మీద తేలుతుంది. రెండు శిఖరాల మధ్య ఇరుకులోంచి గాలి ఈడ్చి కొడుతూ ఉంటుంది. స్నోషూ పట్టీ వదులైందని ఒకాయన గ్లవ్ తీస్తాడు. బకిల్‌లో మంచు గడ్డకట్టి ఉంటుంది, వేలితో గీకుతాడు, ఊదుతాడు, నిమిషం తిరక్కుండా వేళ్లు కొయ్యబారతాయి. ఇంకొకామె నీళ్ల గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తుంది, చుక్క రాదు. గొట్టం లోపల నీళ్లు ఎప్పుడో గడ్డకట్టాయి. (సీసాని తలకిందులుగా పెట్టుకుంటే గడ్డ అడుగుకి కడుతుంది, మూత తెరుచుకుంటుంది. ఇలాంటి చిట్కాలు నెమ్మదస్తులకే తెలుస్తాయి, అదో అనుమానాస్పద లక్షణం.) అవతలి పక్కన అంచు మీద మంచు చూరులా బయటికి వేలాడుతూ ఉంటుంది. గాలి ఇవతల నుంచి మోసుకెళ్లిన మంచంతా ఆ చూరు కింద, గాలి చాటు వాలు మీద దిండులా పేరుకుని ఉంటుంది. మన లూప్ సరిగ్గా దాని మీదుగానే దిగాలి.

అప్పుడు సమావేశం జరుగుతుంది. గాలికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఏకాభిప్రాయం వెంటనే కుదురుతుంది. ‘సగం పైగా వచ్చేశాం, ముందుకే దగ్గర’ అని ఒకరు అంటారు. దూరం లెక్క నిజమే. కాకపోతే ఆ మిగిలిన దూరంలో రెండో కనుమ ఉంది. పొద్దున రాయిలా ఉన్న మంచు మధ్యాహ్నం ఎండకి మెత్తబడి ఉంటుంది. అడ్డంగా దాటాల్సిన వాలు మీద స్నోషూ పక్కకి జారుతూ ఉంటుంది. వీటిలో ఏదీ మ్యాప్ మీద గుండ్రటి గీతలో కనపడదు.

నెమ్మదస్తుల సంఖ్య పెరిగితే ఎన్ని సంప్రదాయాలు అంతరించేవో ఆలోచించండి. ఆల్ప్స్ పర్వతాల్లో 2469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీద సన్యాసులు దాదాపు వెయ్యేళ్లుగా బాటసారులకి ఆశ్రయమిస్తున్నారు. చలికాలంలో రోడ్డు మూసేస్తారు, ఇప్పటికీ స్కీల మీదో స్నోషూల మీదో చేరాలి. మంచులో తప్పిపోయినవాళ్లని వెతకడానికి వాళ్లు పెంచిన కుక్కలకు ప్రపంచమంతా పేరొచ్చింది. జనం బుద్ధిగా వెనక్కి తిరిగి ఉంటే ఆ కుక్కలు ఏ గుమ్మం దగ్గరో పడుకుని ఉండేవి.

భద్రత పట్టనివాళ్లమని మమ్మల్ని నిందించకండి. 457 కిలోహెర్ట్జ్ మీద కూత పెట్టే పరికరం ప్రతి ఒక్కరి ఛాతీ మీదా ఉంటుంది. పూడిపోయినవాడు ఎక్కడున్నాడో అది చెబుతుంది. తవ్వడానికి కావాల్సిన పార మాత్రం బరువని కారులో వదిలేశాం. విరిగిపడి ఆగిన మంచు కాంక్రీటులా బిగుసుకుంటుందనీ, పావుగంట దాటితే బతికే ఆశ వేగంగా పడిపోతుందనీ విన్నాం. గ్లవ్స్ ఉన్నాయి కదా.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వెనక్కి పోదాం అనేవాడు వాలు కోణం, గాలి దిశ, మిగిలిన పగటి వెలుతురు, మంచు పొరల పరిస్థితి అన్నీ ఆధారాలతో నిరూపించాలి. ఆ తర్వాత కూడా ‘పిరికివాడు’ అనిపించుకోవడానికి సిద్ధపడాలి. ముందుకు పోదాం అనేవాడు ఏమీ నిరూపించక్కర్లేదు. దీనికి ప్రత్యేకంగా నిబంధనలు రాసే శ్రమ కూడా అక్కర్లేదు, కనుమల మీద ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇదే.