అమ్మితే అమ్మారు, మళ్లీ కట్టరేం?

సర్కారు ఇళ్లు అందులో ఉంటున్నవాళ్లకే అమ్మేస్తే పేదోళ్లు బాగుపడతారని మళ్లీ ఎవరో మొదలుపెట్టారు. బాగుపడతారు, కాదనను. హైదరాబాద్ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, అదే కేపీహెచ్‌బీలో మా నాన్నకి బోర్డు వాళ్ల ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం వాళ్లకి కట్టిన) ఇల్లు హైర్ పర్చేజ్ మీద వచ్చింది. వాయిదాలు తీరేదాకా ఇల్లు బోర్డుదే, మేం అద్దెవాళ్ల కిందే లెక్క. సేల్ డీడ్ చేతికొచ్చాకే దాన్ని బ్యాంకులో పెట్టి అక్క పెళ్లి, నా ఇంజినీరింగ్ గట్టెక్కించారు.

మరి మా తర్వాతోళ్ల సంగతి?

ఒకసారి మా వీధికి రండి. ఒంటి అంతస్తు ఇళ్ల మీద నాలుగేసి అంతస్తులు లేచాయి. బయట ఇనుప మెట్లు, గేటుకి బాయ్స్ హాస్టల్ బోర్డు, గదికి మూడు మంచాలు, గుమ్మం ముందు చెప్పుల కుప్ప. 2017లో మెట్రో వచ్చాక అద్దెలు ఇంకా ఎగబాకాయి. తక్కువ ఆదాయం వాళ్ల కోసమని కట్టిన కాలనీలో వాచ్‌మన్ కుటుంబానికి మిగిలింది పైన రేకుల గది. దానికీ అడ్వాన్స్! వసూలు చేసేది ఎవరో కాదు, బోర్డు ఇళ్లు దక్కిన మాలాంటి పాతవాళ్లమే.

బ్రిటన్‌లోనూ ఇదే తంతు. 1980లో థాచర్ ప్రభుత్వం చట్టం తెచ్చి కౌన్సిల్ ఇళ్లని (అక్కడి స్థానిక సంస్థలు అద్దెకిచ్చే ఇళ్లని) అందులో ఉంటున్న కిరాయిదార్లకే భారీ డిస్కౌంట్లో అమ్మింది. కొన్నవాళ్లు సంతోషించారు. అమ్మినన్ని మళ్లీ కట్టలేదు. వాటిలో చాలా ఇళ్లు ఇప్పుడు ప్రైవేటు ఓనర్ల చేతిలో అద్దెకు తిరుగుతున్నాయి. చివరికి స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ పద్ధతే ఎత్తేశాయి.

'అయితే అమ్మకూడదని రూల్ పెడదాం' అంటారు కొందరు. పెట్టారుగా, తెలంగాణ సర్కారు పేదలకి ఉచితంగా ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లకి! అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. సిటీకి దూరంగా, శివార్లలోని కొల్లూరులో 15,660 ఇళ్లు కట్టి 2023లో ప్రారంభించారు. ఇళ్లు బాగానే ఉన్నాయి, పాపం. కానీ అమీర్‌పేటలో నాలుగిళ్లలో అంట్లు తోమే ఆవిడ పొద్దున్నే ఆరింటికల్లా అక్కణ్నుంచి ఎలా వస్తుంది? తాళం వేసి మళ్లీ సిటీలో అద్దె గది వెతుక్కోవాల్సిందే, లేదా గుట్టుగా ఎవరికో ఇచ్చుకోవాల్సిందే.

2025లో ఇదే కేపీహెచ్‌బీలో బోర్డు భూమి వేలంలో ఎకరం 70 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్నోడు అక్కడ ఎల్‌ఐజీ కడతాడా?

నేనడిగేది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. సర్కారు ఒకటి అమ్మితే ఒకటి కట్టాలి, అదీ సిటీలోనే, ఎప్పటికీ అద్దెకిచ్చేందుకే. వేలానికి పెట్టే ప్రతి స్థలంలో ఒక మూల దానికి వదలాలి. అప్పుడు మా ఇంటి పైపోర్షన్ల అద్దె కూడా పడిపోతుంది. పడనీ.