ఆర్కిడ్‌కు మూడు ఐస్ ముక్కలట!

మిర్యాలగూడ నుంచి మా వదిన ఒక ఫార్వర్డ్ పంపింది. ఆర్కిడ్ పూలమొక్క బతకాల్నంటే వారానికి మూడు ఐస్ ముక్కలు వెయ్యాలట. ఎర్రమట్టిల పేడ ఎరువు కలిపి నాటాలట. కుండీ దాటొచ్చిన వేళ్లు కత్తిరించాలట. పూలు రాలితే మొక్క పనైపోయినట్టేనట. పక్క మొక్కలకు దూరంగ పెట్టాలట, ఎందుకంటే అది బదనికట. చదివినోళ్లందరూ కింద దండాలు పెట్టిన్రు.

ఐస్ సంగతి పూర్తిగ అబద్ధం కాదు. మన దుకాణాలల్ల ఎక్కువగ అమ్మే ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ రకం మీద అమెరికాల ఒహాయో స్టేట్, జార్జియా యూనివర్సిటీలోళ్లు పరీక్ష చేసిన్రు, 2017ల అచ్చయింది. బెరడు ముక్కలల్ల పెంచిన మొక్కకు వారానికి మూడు ఐస్ ముక్కలు వేస్తే వేళ్లకు నష్టమేం కనపడలేదు. కాని అది ఎండ దెబ్బ తగలని గదిల సంగతి. నల్లగొండల మే నెల 44 డిగ్రీలు. మూడు ముక్కలు కరిగితే పావు గ్లాసు నీళ్లు, మధ్యాహ్నానికే ఆవిరి.

నేనైతే వేళ్లను చూస్త. ఎండినప్పుడు వెండి రంగుల ఉంటయి, నీళ్లు తాకంగనే కండ్ల ముందట పచ్చబడతయి. వెండి రంగు కనపడితే కుండీని బకెట్ల పది పదిహేను నిమిషాలు నానబెట్టి, చుక్క కారుడు ఆగేదాక పక్కన పెడత. ఎండకాలం వారానికి రెండు మూడు సార్లు, వానకాలం ఒక్కసారి చాలు. ఆకుల నడిమిట్ల నీళ్లు నిలిస్తే అక్కడే కుళ్లుతది, గుడ్డ కొసతో అద్దాలె. మా బోరు నీళ్లు పోస్తే మాత్రం కొన్నాళ్లకే వేళ్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటది. వాన నీళ్లో, ఏసీ పైపు నుంచి కారే నీళ్లో నయం. కూలర్ గదిల పెట్టొచ్చు, గాలి నేరుగ కొట్టకుంటే చాలు.

ఎర్రమట్టి అంటరా, అది ఆర్కిడ్‌ను బతికుండంగ పాతిపెట్టుడే. ఫిలిప్పీన్స్ దిక్కు అడవులల్ల ఇది చెట్ల కొమ్మలు పట్టుకుని పెరుగుతది, వేళ్లకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి గట్టిపడితే ఊపిరాడక కుళ్లుతయి. బెరడు, బొగ్గు ముక్కలు, కొబ్బరి డొప్ప ముక్కలు వేసి, కింద బొక్కలున్న కుండీ వాడాలె. బయటికొచ్చిన వేళ్లు కూడ ఆరోగ్యానికి గుర్తే, గాలిల తేమ పీలుస్తయి. వాటికి కత్తెర ఎందుకు? మెత్తగయి, వొత్తితే తోలు ఊడి దారమొక్కటే మిగిలే వేళ్లను మాత్రం తీసెయ్యాలె.

ఇగ బదనిక. మామిడి కొమ్మల వేరు దింపి సారం గుంజే బదనిక వేరే జాతి. నల్లమల అడవులల్ల చెట్ల మీద పెరిగే వాండా కూడ ఆర్కిడే, కొమ్మ దానికి అరుగు లెక్క, అంతే.

పూలు రాలినంక పారేసుడు చూస్తేనే నాకు ఎక్కువ కోపమొస్తది. రెండు మూడు నెలలు పూసి అలిసిపోయిన మొక్క అది, చావలేదు. దానికి మళ్ల పూల కాడ రావాల్నంటే కొన్ని వారాలు 25 డిగ్రీల లోపు చల్లదనం కావాలె. మనకు దీపావళి దాటినంక రాత్రులు ఇచ్చేది అదే. కార్తీకంల కిటికీ దగ్గర, నేరుగ ఎండ పడని చోట పెడితే మాకు సంక్రాంతికి ఆకు సందులకెల్లి మొలక వచ్చింది. మొదట వేరనుకున్న. వేరు కొస గుండ్రంగ, నున్నగ ఉంటది, పూల కాడ కొస కొంచెం పక్కకు నొక్కినట్టుంటది.

వదిన అప్పటికే ఎర్రమట్టిల నాటేసింది. ఆదివారం తెచ్చి కుండీ బోర్లిస్తే పన్నెండు వేళ్లల్ల నాలుగే గట్టిగ ఉన్నయి. కుళ్లినయి తీసేసి బెరడుల పెట్టినం. ఆకులింకా వడిలే ఉన్నయి, కొత్త వేరు కోసం చూస్తున్నం. దండాలు పెట్టినోళ్లల్ల ఎవరి కుండీలన్న మట్టి ఉంటే ఇయ్యాలనే బోర్లించి చూడున్రి.