సవరణ: ఆ పడవ స్క్రాప్‌కు వేయాల్సింది కాదు

పాకాల చెరువులో మా కాక నడిపే అల్యూమినియం పడవకు అడుగున తెల్లపొడి, గుంతలు పడ్డాయని, స్క్రాప్‌కు వేయడమే మేలని మొన్న రాశాను. అది తప్పు.

నిన్న పడవ బోర్లించి, పొడి గీకి, స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో గుంతనూ గట్టిగా నొక్కి చూశాం. రెండే చోట్ల మొన లోపలికి దిగింది. రెండూ ఇనుప బోల్టుల పక్కనే! తడిలో ఇనుము తగిలి ఉంటే అల్యూమినియమే ముందు తినుకుపోతుంది. మిగతా రేకు గట్టిగానే ఉంది. పాడైన ముక్క కోసేసి, అల్యూమినియం రేకు వేసి రివెట్లు కొట్టిస్తున్నాం.

వెల్డింగ్ చేయించేవాళ్లు మాత్రం కరిగిన చోట గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్‌తో చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, గాలి తగిలి దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర కరగాలంటే మాత్రం 2,000 దాటాలి. అనుభవం లేని చేతిలో పడితే రేకుకు ఇంకా పెద్ద బొక్క పడుతుంది.

మొన ఎక్కడ నొక్కినా దిగుతుంటే మాత్రం ఆ పడవను నీళ్లలోకి దించకండి. నా మాట విని అమ్మకానికి పెట్టినవాళ్లు ఉంటే, దయచేసి ముందు ఒకసారి బోర్లించి చూడండి.