ఇమ్యూనిటీ పౌడరు డబ్బా గారికి, తిరుపతి నుంచి

శ్రీయుత డబ్బా గారికి,

కొర్లగుంట నుంచి రాయునది. మా బావమరిది తమరిని మోసుకొచ్చి, వెంకన్న పటానికి కాస్త కిందుగా ప్రతిష్ఠించి పోయాడు. "రోజూ రెండు చెంచాలు పాలల్లో కలుపుకో బావా, ఇమ్యూనిటీ పెరుగుతాది" అన్నాడు. తమరి ఒంటి మీదా అదే మాట బంగారు రంగులో మెరుస్తోంది. వెనక్కి తిప్పితే చీమతలకాయంత అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని ఇంకో మాట. ముందొకటి, వెనకొకటి చెప్పేవాళ్లు మాకు కొత్తేం కాదులెండి, ఎన్నికలు చూసినోళ్లం.

పెంచుతానంటున్నారు సరే, ఎక్కడ పెంచుతారు? ఒంట్లో రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో కాపురముండే చోట్లలో పేగులొకటి. అక్కడి లోపలి పొర ఒకే ఒక్క కణం మందం. ఇటు మనం తిన్నదీ, కోటానుకోట్ల సూక్ష్మజీవులూ. అటు రక్తం. గోబ్లెట్ కణాలు జిగురు కారుస్తాయి, చిన్నపేగులో పానెత్ కణాలు సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్లు వదులుతాయి, ఐజీఏ అనే యాంటీబాడీ రోజూ గ్రాముల లెక్కన ఆ జిగురులోకి దిగి, ఏదీ పొరను అంటకుండా చూస్తుంది. ఇంత చాకిరీ చేసి పొరలోని కణం నాలుగైదు రోజులకే రాలిపోతుంది. బోనసూ లేదు, పెన్షనూ లేదు.

పేగుల్లోని ఈ కాపలాదారులకు వచ్చిన అసలు విద్య ఊరుకోవడం. అలిపిరి చెక్‌పోస్టులో ఏం చేస్తారు? సంచి తెరిచి, డిక్కీ చూసి, బీడీకట్ట దొరికితే పక్కన పడేసి "పోండి సామీ" అని కొండకు పంపిస్తారు. పేగులో ఎం కణాల పనీ అంతే. వచ్చిన సరుకులోంచి కాస్త తీసి, కిందున్న పేయర్స్ ప్యాచెస్ అనే గుంపుల్లోని రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. (స్విట్జర్లాండు వైద్యుడు పేయర్ వీటిని 1677లోనే వర్ణించాడు. తమరి కంపెనీకి ఇంకా కబురందినట్టు లేదు.) ఇప్పుడా సెక్యూరిటీ వాళ్లకు తమరిని ఏడేడు చెంచాలు తాగించి, నిజంగానే 'పెంచారు' అనుకుందాం. మొక్కు తీర్చుకోను పోతున్న ముసలాయన మీదా లాఠీ, చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి మీదా లాఠీ. ఆ తొక్కిసలాటలో చెక్‌పోస్టు గోడే కూలిందంటే, ఆ సందులోంచి బీడీలు లారీల్లో పోతాయి. వాటిని చూసి ఇంకా లాఠీలు. పేగు పొర దగ్గర ఇలాంటి రభస జరిగితే, దాన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ (వాపు) అంటారు.

2025లో వైద్యశాస్త్రం నోబెల్ బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు వచ్చింది. దేనికనుకున్నారు? రోగనిరోధక వ్యవస్థ మన ఒంటినే కొట్టకుండా అదుపులో పెట్టే రెగ్యులేటరీ టి కణాల గుట్టు విప్పినందుకు.

ఆ పొరకు కావలసిన తిండి మా అమ్మ వంటింట్లోనే ఉంది. సంగటి ముద్ద, ఊరిబిండి, ఆకుకూర పప్పు. మనకు అరగని పీచు పెద్దపేగుకు చేరితే, సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ చేస్తాయి. అక్కడి పొర కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. తమరి దినుసుల పట్టీ చదివాను: మొదట చక్కెర, తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి. అయినా బావమరిది మా కంచం చూసి "ఇంకా సంగటేనా బావా?" అంటాడు. ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో ఏదడిగితే అది తెచ్చుకుని, నొప్పి మాత్రలు మింగి మింగి, పేగు పొరను పుండు చేసుకునే ఘనుడూ వాడే.

ఒక్క సందేహం. పేగులు వాచిపోయే క్రోన్స్ జబ్బుకీ, అల్సరేటివ్ కోలైటిస్‌కీ స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ లాంటివి రాస్తారు. అవి ఇమ్యూనిటీని తగ్గించే మందులు. మా వీధిలో ఒకాయన పొద్దున ఆ మాత్ర వేసుకుని, రాత్రికి తమరిని పాలల్లో కలుపుకుంటున్నాడు, రెండింటికీ డబ్బులు పెట్టి మరీ. ఆయన పేగులో మీరిద్దరూ ఎదురుపడితే ఎవరు ఎవరికి దారివ్వాలో లేబులు మీద రాయించగలరు.

ఇట్లు,
కొర్లగుంట బావ