సైటేషన్ల పేరుతో పిల్లల్ని ఎక్కడికి తోస్తున్నారు?

ఒకే మెసేజ్ మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, కావలి స్నేహితుల గ్రూపులో వచ్చింది, ఒంగోలు లెక్చరర్ల గ్రూపులోనూ వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. ఇదేంట్రా అని అడిగితే, "మన ప్రకాశం జిల్లా అమ్మాయి కదరా, గర్వంగా లేదా?" అంటున్నారు. ఉంది, చాలా ఉంది. ఆమె పేరు పక్కన ఇలాంటి రాతలు చూస్తుంటే ఒళ్లు మండేది కూడా అందుకే.

మెసేజ్ చూడనివాళ్ల కోసం దాని సారాంశం ఇది. మన జిల్లా పల్లె నుంచి వెళ్లి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో (హెచ్‌సీఐ, అంటే మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో చూసే రంగం) పరిశోధన చేస్తున్న ఒకామెకు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్త" అవార్డు ఇచ్చిందట. హెచ్-ఇండెక్స్ (పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే సైటేషన్లను బట్టి తీసే అంకె) ప్రకారం ఆ రంగంలో ఆమే ప్రపంచ నంబర్ వన్ అట. రాసినవి ఎక్కువగా కాన్ఫరెన్స్ పేపర్లే కాబట్టి, జర్నల్స్‌లో రాసుంటే ఇంకా పైకి వెళ్లేదట. మన కాలేజీల లెక్చరర్లకు సైటేషన్లు సున్నా కాబట్టి వాళ్లకిచ్చే జీతాలు దండగట. చివరగా పిల్లలకు సలహా: బీటెక్‌లోనే స్కోపస్ (పరిశోధన పేపర్ల డేటాబేస్) పేపర్లు "వేయించుకోండి", వివరాలకు కింది నంబరుకు ఫోన్ చేయండి. ఆమె పేరు నేనిక్కడ రాయను. ఇది ఆమె రాసిన మెసేజ్ కాదు, రాయమని అడిగిందీ కాదు.

ముందు ఆ అవార్డు సంగతి. అది అవార్డే కాదు. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న జాన్ అయోనిడిస్, మరికొందరు కలిసి స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా అది. పరిశోధన జర్నల్స్ ప్రచురించే ఎల్సెవియర్ సైట్‌లో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆరు రకాల సైటేషన్ లెక్కలు కలిపి ఒక స్కోరు తీస్తారు. కెరీర్ మొత్తానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి మరొకటి ఉంటాయి. మొత్తం మీద మొదటి లక్షలో ఉన్నవాళ్లు, తమ ఉపశాఖలో పై 2 శాతంలో ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. అందులో పేరుండటం మంచిదే. కానీ స్టాన్‌ఫర్డ్ ఎవరినీ పిలిచి శాలువా కప్పలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆ జాబితా ఏమిటో చూసుకోకుండా పంపేశారు.

ఇక నంబర్ వన్. ఏ లెక్క ప్రకారం? గూగుల్ స్కాలర్ ప్రకారం ఒక హెచ్-ఇండెక్స్ వస్తుంది, స్కోపస్ ప్రకారం ఇంకోటి. స్కాలర్ థీసిస్‌లను, ఇంకా సమీక్ష కాని ప్రిప్రింట్లను కూడా లెక్కేసుకుంటుంది కాబట్టి అక్కడ అంకె పెద్దదిగా కనిపిస్తుంది. పైగా స్కాలర్ ప్రొఫైల్ ఎవరిది వాళ్లే చూసుకోవాలి. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి శ్రీనివాసరావు అని రాస్తే, ఎంతమంది శ్రీనివాసరావుల పేపర్లు ఒకే ఖాతాలో వచ్చి పడతాయో చూడండి. కావాలని చేయకపోయినా సంఖ్య పెరుగుతుంది.

అసలు హెచ్-ఇండెక్స్ దేనికి ఉపయోగపడుతుంది, దేనికి పడదు? కనీసం అన్నేసి సైటేషన్లున్న పేపర్లు ఎన్ని ఉన్నాయో అదే ఆ అంకె. పదేసి సైటేషన్లున్న పది పేపర్లు రాసినవాళ్లకు హెచ్-ఇండెక్స్ 10. వేలసార్లు ఉదహరించిన పేపర్లు మూడే రాసి ఆపేసినవాళ్లకు 3. ఈ రంగంలోనే ఉదాహరణ ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ వాడటానికి ఎంత సులువుగా ఉందో కొలిచే పది వాక్యాల ప్రశ్నావళి ఒకటుంది, దాన్ని సస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అంటారు. జాన్ బ్రూక్ 1986లో దాన్ని ఒక కంపెనీలో పని అవసరం కోసం తయారుచేశాడు. 1996లో ఒక పుస్తకంలో అధ్యాయంగా అచ్చయింది. పేరున్న జర్నల్‌లో రాలేదు. ఈ రోజుకీ ప్రపంచమంతా వాడుతున్నారు, సైటేషన్లు వేలకు వేలు. హెచ్-ఇండెక్స్ లెక్కలో అది ఒక్క పేపర్, అంతే. ఈ కొలతను 2005లో ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ కూడా, ఇది ఘోరంగా విఫలం కాగలదని, ఊహించని చెడు చేయగలదని 2020లో స్వయంగా రాశాడు. కనిపెట్టినాయన వెనక్కి తగ్గాడు, మన గ్రూపులు తగ్గడం లేదు.

కాన్ఫరెన్స్ పేపర్లంటే చిన్నచూపు చూడటానికి కారణం నాకు తెలుసు. మన కాలేజీల్లో "ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్" అంటే ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, భోజనం, సర్టిఫికెట్. ఆమె రంగంలో అలా కాదు. ఆ రంగంలో ప్రధానమైన, 1982లో మొదలైన కై (CHI) కాన్ఫరెన్స్‌కు పంపిన పేపర్లలో దాదాపు నాలుగింట మూడొంతులు తిరస్కరిస్తారు. గుజరాత్‌లో చిన్న రైతులు మామూలు ఫోన్ నుంచి ప్రశ్న అడిగి, మాటల్లోనే జవాబు వినే అవాజ్ ఓటలో అనే వ్యవస్థ మీద అధ్యయనం 2010లో అక్కడే వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌లో చాలా శాఖలకు కాన్ఫరెన్సే మొదటి వేదిక.

హెచ్‌సీఐ అంటే బటన్లకు రంగులు వేయడమేగా అని మెసేజ్ కింద ఒకాయన కామెంట్ పెట్టాడు. మౌస్ పట్టుకుని అంత మాట టైప్ చేయగలిగాడంటే అది ఈ రంగం పుణ్యమే. దీని మీద ఇంతకంటే రాయను.

లెక్చరర్ల మీద రాసింది మాత్రం దుర్మార్గం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులు, ల్యాబులు, మధ్యలో కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్ వస్తే ఊరూరూ తిరిగి సీట్లు నింపే పని. ఇవన్నీ చేయించుకుని, ఆపైన "నీ సైటేషన్లెన్ని?" అని అడగడం ఏం న్యాయం? ఒక పిల్లాడికి పాయింటర్లు అర్థమయ్యేలా చెప్పినందుకు స్కోపస్‌లో ఏ అంకే పెరగదు. ఆ పరిశోధకురాలికి మొదట సి లాంగ్వేజ్ చెప్పిందీ ఇలాంటి ఒక లెక్చరరే అయ్యుంటారు.

ఇప్పుడు అసలు సంగతి, ఆ చివరి రెండు లైన్లు. పైదంతా వాటికోసం వేసిన ఎర.

నెల్లూరులో ఒక ఫైనలియర్ అబ్బాయి తన "పబ్లికేషన్" నాకు ఫోన్‌లో చూపించాడు. రొయ్యల రైతుల కోసం తయారుచేసిన యాప్ వాడకం మీద పేపర్. రచయితల్లో ఇతని పేరు నాలుగోది. లోపల సస్ స్కోరు పట్టిక కూడా ఉంది. "ఎవరిని అడిగి తీశారబ్బాయ్ ఈ స్కోరు?" అన్నాను. "తెలీదు సార్, వాళ్లే రాశారు" అన్నాడు. పైన ఉన్న ముగ్గురూ ఎవరో కూడా అతనికి తెలీదు. ఎన్నో పేరు అనేదాన్ని బట్టి రేటట.

ఈ పిల్లాడి ఇంటికి బండి మీద వెళ్లేంత దూరంలోనే రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు రైతు టార్చిలైటుతో గట్టు మీద ఉంటాడు. చేతులు తడి. తడి వేలితో టచ్‌స్క్రీన్ ఒకచోట నొక్కితే ఇంకోచోట తెరుచుకుంటుంది. యాప్‌లో మాటలన్నీ ఇంగ్లీషే. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ వెయ్యాలో వద్దో ఆ నిమిషంలో తేల్చుకోవాలి. అక్కడికి వెళ్లి, ఆయన ఎక్కడ తడబడుతున్నాడో చూసి, రాసుకుంటే అదీ హెచ్‌సీఐ పరిశోధన. ఆ అబ్బాయి చేయగలడు కూడా. అతని చేత డబ్బు కట్టించి, ఆ గట్టు మీదకు వెళ్లే అవసరమే లేకుండా చేశారు.

దీనివల్ల నష్టం ఏమిటంటారా? ఇలాంటి అవకతవకల వల్ల 2023లో తన హిందావి జర్నల్స్ నుంచి వైలీ ప్రచురణ సంస్థ 8,000కు పైగా పేపర్లను రిట్రాక్ట్ చేసింది, అంటే చెల్లవని వెనక్కి తీసుకుంది. రిట్రాక్షన్ నోటీసు రచయిత పేరుతో పాటే ఆన్‌లైన్‌లో ఉండిపోతుంది. ఎమ్మెస్‌కు అప్లై చేసినప్పుడు ప్రొఫెసర్ వెతికితే మొదట కనబడేది అదే కావచ్చు. మీరు గొప్పగా చెప్పిన ఆ టాప్ 2 శాతం జాబితాలోనే ఇప్పుడు రిట్రాక్షన్ల వివరాలు కూడా ఇస్తున్నారు. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ అచ్చవ్వాలన్న నిబంధనను సైతం యూజీసీ 2022 నవంబరులో తీసేసింది. పీహెచ్‌డీ వాళ్లకే లేని తప్పనిసరి, బీటెక్ పిల్లలకు ఎవరు పెట్టారు? ఫోన్ నంబరు పెట్టినవాడు పెట్టాడు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. అంకెలు పనికిరానివని నేననను. ఎవరి మనిషివి, ఎవరు చెప్పి పంపారు అని చూసే చోట, సిఫారసు లేని పల్లెటూరి ఆడపిల్లకు బయటివాళ్లు సరిచూడగల సంఖ్య ఒకటి అండగా ఉంటుంది. ఇంటర్వ్యూ బోర్డు ముఖం చిట్లించినా, పరాయి దేశంలో ముక్కూమొహం తెలియనివాళ్లు తన పని వాడుకున్నారని ఆమె చూపించగలదు. మన దగ్గర నియామకాలు ఎలా జరుగుతాయో తెలిసి కూడా ఆ ఆసరా తీసేయమని నేను చెప్పలేను. పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెబుతూ 2013లో వచ్చిన డోరా ప్రకటన కూడా, పేపర్ ఏ జర్నల్‌లో వచ్చిందని చూసి మనిషిని తూచవద్దని, చేసిన పని చూడమని అడుగుతోంది. అంకె చూసినవాళ్లు ఆ పేపర్ కూడా తెరవాలి, నేనడిగేదీ అదే.

గ్రూపుల అడ్మిన్లకు ఒక విన్నపం. ఆ ఫోన్ నంబరున్న మెసేజ్ ఈ రోజే డిలీట్ చేయండి. ఇప్పటికే డబ్బు కట్టిన పిల్లలు మీ ఇళ్లలో ఉంటే, తిట్టకుండా కూర్చోబెట్టి, పేపర్ ఇంకా అచ్చుకాకపోతే పేరు తీయించమని చెప్పండి. ఆమె గురించి మీకు నిజంగా గర్వంగా ఉంటే, ఆమె రాసిన పేపర్ ఒక్కటి చదివి, అందులో ఏం కనిపెట్టిందో నాలుగు ముక్కలు తెలుగులో రాసి పంపండి. దాన్ని నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ నేనే ఫార్వర్డ్ చేస్తాను.