మన హాలును రంగుల్లో చూసుకునే యోగం

మా ఇంట్లో పది రోజులుగా గంభీరమైన చర్చ ఒకటి నడుస్తోంది. పాత వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్, అంటే కళ్ళకు తగిలించుకుంటే లేని లోకాన్ని చుట్టూ ఉన్నట్టు చూపించే పరికరం, తీసేసి కొత్తది కొనాలా, వద్దా? కొనాలనే పక్షంలో నేను ఒక్కణ్ణే ఉన్నాను. వద్దనే పక్షంలో మా ఆవిడ, మా అమ్మ, బ్యాంకు ఖాతాలో నిల్వ ఉన్నారు. సంఖ్యాబలం లేనివాడికి ఆధారాలే దిక్కు కనుక వాటిని ప్రజల ముందు ఉంచుతున్నాను.

మొదటి ఆధారం పాతదాని ఆరోగ్యం. రాత్రి నిండా ఛార్జి ఎక్కించి బీరువా మీద పెడితే తెల్లారేసరికి సున్నా. నెల రోజులుగా ఇదే వరస. ఎవరూ వాడకుండానే అరిగిపోయే వస్తువును ఇంట్లో ఉంచుకోవడం శుభం కాదని మనవి చేశాను.

ఇక ధర. మా పాతది క్వెస్ట్ 2, 2020లో వచ్చినప్పుడు 299 డాలర్లు. నేను కొనాలనే కొత్తది క్వెస్ట్ 3, 2023లో వచ్చినప్పుడు 499. తేడా 200 డాలర్లు. పాతదాని బరువు 503 గ్రాములు, కొత్తది 515. అంటే అదనంగా చేతికి వచ్చే 12 గ్రాములకు గ్రాము 17 డాలర్లు కూడా పడటం లేదన్నమాట. ఈ రోజుల్లో గ్రాము బంగారం ఎంతో మా విజయవాడ బందరు రోడ్డులో ఏ నగల దుకాణం మెట్లెక్కినా చెబుతారు. ఈ లెక్క వినిపిస్తే మా ఆవిడ, "అయితే ఆ 12 గ్రాములూ బంగారమే కొనండి" అంది. చర్చను పక్కదారి పట్టించడం అంటే ఇదే.

సాంకేతిక విషయాలు తొందరగా ముగిస్తాను, ఎందుకంటే వాటిని ఇంట్లో ఎవరూ వినలేదు. కొత్తదానిలో బొమ్మను కూర్చే తెర చుక్కలు ఒక్కో కంటికి పది లక్షలకు పైగా ఎక్కువ. పాతదానిలో ఉన్నవి ఫ్రెనెల్ కటకాలు, అంటే వలయాలుగా గాళ్ళు తీసిన పల్చటి కటకాలు. అవి పుట్టిందే దీపస్తంభాల కోసం. సముద్రంలో ఓడలకు దారి చూపవలసిన కటకాన్ని నా ముక్కు మీద పెట్టుకుని నాలుగేళ్ళు సర్దుకున్నాను.

కానీ అసలు విశేషం వేరే ఉంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ ఉన్న గది కనిపించదు కదా, అందుకని బయట కెమెరాలు పెట్టి గదిని మళ్ళీ లోపల చూపిస్తారు. పాతదానిలో ఆ గది నలుపు తెలుపుల్లో, వాన పడుతున్న పాత టీవీలా ఉండేది. కొత్తదానిలో రంగుల్లో కనిపిస్తుంది! మా షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. పాతదానిలోంచి చూస్తే అది బూడిద రాశి. కొత్తది పెట్టుకుంటే ఎర్ర అంబారీ ఎర్రగా, పచ్చ అంచు పచ్చగా కనిపిస్తాయి. "ఉత్త కళ్ళతో చూసినా అలాగే ఉంది కదండీ" అని మా ఆవిడ అభ్యంతరం. ఉత్త కళ్ళతో చూడటం ఎవరైనా చేస్తారు, అందులో ప్రగతి ఎక్కడ ఉంది? మన హాలును మనం రంగుల్లో చూసుకోవడానికి 499 డాలర్లు ఎక్కువ అనుకునేవాళ్ళు ఆపిల్ విజన్ ప్రో సంగతి తెలుసుకోవాలి. 2024లో అది 3,499 డాలర్లతో వచ్చింది. దానికి ముందువైపు కూడా ఒక తెర ఉంటుంది. అందులో పెట్టుకున్నవాడి కళ్ళు ఎదుటివాళ్ళకు కనిపిస్తాయి. 499కి మనం ఇంటిని చూస్తాం, 3,499కి ఇల్లు మనల్ని చూస్తుంది.

నిజానికి ఖర్చు హెడ్‌సెట్‌లో లేదు, నేలలో ఉంది. నిలబడి ఆడాలంటే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. అంటే 43 చదరపు అడుగులు. మొగల్రాజపురంలో అపార్ట్‌మెంటు చదరపు అడుగు 6 వేలు అనుకున్నా ఆ ఖాళీ ఖరీదు రెండున్నర లక్షలు దాటుతుంది. ఇప్పుడు అక్కడ సోఫా, టీపాయ్, రెండో గ్యాస్ సిలిండరు కాపురం ఉంటున్నాయి. రెండున్నర లక్షల నేలను వాటికి ఉచితంగా ఇచ్చిన కుటుంబం నా దగ్గర లెక్కలు అడుగుతోంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త చేసిన హెడ్‌సెట్ తల మోయలేనంత బరువైతే పైకప్పుకు వేలాడదీశారట. మా పైకప్పుకు ఫ్యాను ఉంది. మే నెల విజయవాడలో దాన్ని కదిలించమనే ధైర్యం నాకు లేదు.

ప్రజాభిప్రాయం కూడా సేకరించాను. కిందటి నెల అమ్మకు కాశీ ఘాట్లు చూపిద్దామని పాతది పెట్టాను. కొప్పు అడ్డం వచ్చి పట్టీ దిగలేదు. కనకాంబరాలు తీయించి, కొప్పు విప్పించి, నుదుటికి అదిమి బిగించాను. కన్ను గంగలో పడవ ఎక్కింది, ఒంటి కదలికను కనిపెట్టే లోపలి చెవి మాత్రం సోఫాలోనే కూర్చుంది. ఆ రెండింటి తగువుకు కడుపు తీర్పు చెప్పబోతుంటే అమ్మ దాన్ని తీసేసి, "కృష్ణ ఇక్కడే ఉంది కదా నాయనా, ఆటోలో వెళ్ళి వద్దాం" అంది. దీన్ని చెల్లని ఓటుగా లెక్కించాను.

కొత్తది తెచ్చే ఏర్పాటు కూడా అయిపోయింది. డల్లాస్‌లో ఉండే బావమరిది వచ్చేటప్పుడు సూట్‌కేసులో 515 గ్రాములకు చోటు ఉంచుతానన్నాడు. వెళ్ళేటప్పుడు అదే చోటులో ఆవకాయ వెళుతుంది. దేశాల మధ్య వాణిజ్యం ఇంత సమతూకంగా మరెక్కడా జరగదు.

నిన్న సాయంత్రం మా ఆవిడ బీరువా మీద దుమ్ము దులుపుతూ హెడ్‌సెట్‌ను తిప్పి చూసింది. రెండు కటకాల మధ్య, కాస్త పైన, చిన్న సెన్సారు ఉంటుంది. నుదురు దగ్గరికి వస్తే మనిషి పెట్టుకున్నాడని గ్రహించి తెర వెలిగిస్తుంది, తీసేస్తే నిద్రపోతుంది. సరిగ్గా దాని మీద మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు ఒకటి అంటుకుని ఉంది. అమ్మది. నెల రోజులుగా ఆ హెడ్‌సెట్ తనను ఎవరో పెట్టుకున్నారనే నమ్మకంతో బీరువా మీద రాత్రంతా మేలుకుని ఉంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. బొట్టును గోటితో తీసి బీరువా అద్దానికి, మిగిలిన బొట్ల వరసలో అంటించింది. పొద్దున చూస్తే ఛార్జి దాదాపు పెట్టినంతా ఉంది. మొదటి ఆధారాన్ని ఉపసంహరించుకుంటున్నాను, మిగిలినవి యథాతథంగా ఉంటాయి అని ప్రకటించేలోగా ఆవిడ తమ్ముడికి ఫోను చేసి, ఆ అర కిలో చోటులో బాదం పప్పు తెమ్మని చెప్పేసింది.